కలపకుండా చల్లార్చిన హైపో

పిల్లలు తనకు గరిటె టీచర్ అని పేరు పెట్టారన్న సంగతి ఆవిడకు తెలియక కాదు. పిల్లలు పెట్టిన పేరు అమ్మానాన్నలు పెట్టిన పేరుకన్నా గట్టిది. వదిలించుకోవాలని చూస్తే ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. అందుకే విననట్టు ఊరుకునేది. అయినా ఆ పేరులో అన్యాయమేం లేదు. సైన్స్ ల్యాబ్‌లో అడుగుపెట్టింది మొదలు ఆవిడ నోట ఒకటే మాట, కలపండి. టెస్ట్ ట్యూబులో ఏమున్నా సరే, చేతిలో గాజు కడ్డీ ఆడుతూనే ఉండాలి. ఎవరి చెయ్యి ఆగినా, తను వీపు తిప్పుకుని ఉన్నా సరే, ఆవిడకు తెలిసిపోయేది. "ఏం నాయనా, కడ్డీ చెవిలో పెట్టుకోవడానికి ఇచ్చాననుకున్నావా? కలుపు," అనేది.

ఆ క్లాసులోనే ఆవిడ కూతురు కూడా ఉంది. తల్లి టీచరైతే పిల్లకు సుఖం అనుకునేవాళ్ళు ఆ పిల్లను ఒకసారి అడిగితే తెలుస్తుంది. కూతురికి మార్కులు వేసుకుందన్న మాట పడకూడదని, మిగతావాళ్ళకు ఒక చూపైతే కూతురికి రెండు చూపులు. మిగతావాళ్ళ తప్పుకు మందలింపు అయితే కూతురి తప్పుకు పంచాయితీ. పిల్ల నెమ్మదస్తురాలు. పది మాటలకు ఒక మాట చెప్పి, చెప్పిన మాట మీద నిలబడే రకం. పెద్ద గొడవకు కారణం అదే అయింది.

గొడవ హైపోతో వచ్చింది. హైపో అంటే ఉప్పుకల్లులా తెల్లగా ఉండే పలుకులు, వెనకటి రోజుల్లో ఫొటోలు కడగడానికి వాడేవారు. టెస్ట్ ట్యూబులో పోసి వేడినీళ్ళలో పెడితే కరిగి మంచినీళ్ళలా అయిపోతుంది. బయటికి తీసి చల్లారబెడుతూ, నిమిషానికోసారి థర్మామీటర్ చూసి రాసుకోవాలి. వేడి దిగుతూ దిగుతూ వచ్చి నలభై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆగుతుంది. మొత్తం గడ్డకట్టేదాకా అక్కడే చతికిలబడి, ఆ తర్వాత మళ్ళీ దిగుతుంది. గీసి చూస్తే మెట్టులా ఉంటుంది. పాఠం ఇంతే.

ఇక్కడ ల్యాబుల్లో ఎవరూ పైకి చెప్పని ఆచారం ఒకటి ఉంది. జవాబు అందరికీ ముందే తెలుసు గనుక, పిల్లలు జవాబు దగ్గర నిలబడి అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ రీడింగులు రాస్తారు. నలభై ఎనిమిది రావాలా, ఇదిగో నలభై ఎనిమిది, దాని పక్కన ఇంకో నలభై ఎనిమిది. సగంమంది థర్మామీటర్ వైపు కన్నెత్తి కూడా చూడరు. టీచర్లకు ఇది తెలియదా అంటే, వాళ్ళూ ఒకప్పుడు అలా వండి వార్చినవాళ్ళే. మెట్టు అందంగా ఉంటే టిక్కు పడుతుంది, కథ కంచికి వెళ్తుంది.

ఆ రోజు క్లాసంతటికీ టిక్కు పడింది, టీచర్ కూతురికి తప్ప. ఆ పిల్ల రీడింగులు నలభై ఎనిమిది దగ్గర ఆగలేదు. నలభై నాలుగు, నలభై, ముప్పై ఆరు అంటూ కిందికి పోయి, ఉన్నట్టుండి నలభై ఏడుకు ఎగబాకాయి.

"ఏమిటిది?" అంది తల్లి.

"వచ్చిందే రాశాను టీచర్."

"కింద మంట లేదు, చుట్టూ వేడినీళ్ళు లేవు. చల్లారుతున్నది దానంతటదే వేడెక్కిందా?"

"వచ్చిందే రాశాను."

"కిటికీలోంచి చూస్తూ కూర్చుని, చివర్లో నోటికొచ్చిన అంకెలు రాస్తే దాన్ని రీడింగ్ అనరు. అబద్ధం అంటారు."

అనేసింది. క్లాసంతా వింటుండగా అనేసింది. కూతురు కాకపోతే ఆ చివరి మాట వాడేది కాదేమో. వండిన వాళ్ళందరికీ టిక్కులు, ఉన్నదున్నట్టు రాసిన పిల్లకు అబద్ధమన్న ముద్ర! లోకం తీరు ఇలాగే ఏడ్చింది మరి.

పిల్ల తన రీడింగుల కాగితం తీసుకుని వెళ్ళి కూర్చుంది. ఆ సాయంత్రం బస్సు డ్యూటీ దిగి వచ్చిన తండ్రి దగ్గర కూర్చుని, "నాన్నా, వచ్చే ఏడు నేను సైన్స్ తీసుకోను, చరిత్ర తీసుకుంటాను," అని చెప్పింది. ఏ గ్రూపు కావాలో రాసి శుక్రవారం సాయంత్రంలోగా ఆఫీసులో ఇవ్వాలి. తండ్రి భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "మీ ఇద్దరి మధ్యా నన్ను అడకత్తెరలో పోకచెక్కను చేయకండి," అని స్నానానికి వెళ్ళిపోయాడు.

చరిత్ర తీసుకుంటే కొంపలేం అంటుకోవు. ఇష్టపడి తీసుకుంటే ఆవిడే దగ్గరుండి పుస్తకాలు కొనేది. కానీ ఈ పిల్ల నాలుగేళ్ళప్పుడు సబ్బు నురగ బుడగలో రంగులు చూస్తూ స్నానం మరిచిపోయిన పిల్ల. చీమల బారు వెంట వీధి చివరిదాకా పోయి తప్పిపోయిన పిల్ల. అలాంటిది సైన్స్ వద్దంటోందంటే, ఆ దీపాన్ని ఊదింది ఎవరో ఆవిడకు తెలుసు. తెలిసినా, తన లెక్క తప్పని మాత్రం అనుకోలేకపోతోంది. చల్లారేది చల్లారుతుంది గాని వేడెక్కడమేమిటి? ఒక పక్క గుండె పీకుతుంటే ఇంకో పక్క బుర్ర ఒప్పుకోలేదు. వారమంతా అలాగే గడిచింది. ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య మాటలు ఉప్పు, నీళ్ళు, తలుపు వరకే.

ఆ శుక్రవారమే బడికి సెన్సార్ల పెట్టె వచ్చింది. లెక్కల మాస్టారు వాటి కోసం శిక్షణకు వెళ్ళొచ్చాడు గనుక, ఆ పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని ల్యాబ్‌లోకి వచ్చాడు. ఎవరూ ముట్టుకోవద్దని ముందే చెప్పాడు. తెరిచి చూస్తే లోపల చూడటానికి ఏమీ లేదు. అగ్గిపెట్టెలంత డబ్బాలు, ఒక్కోదానికి ఒక్కో వైరు, వైరు కొసన ప్లగ్గు. ఒకటి వెలుతురును కొలుస్తుందట, ఒకటి చప్పుడును, ఒకటి ఊపిరిని. వేడిని కొలిచేది పెన్నంత స్టీలు కడ్డీ. ప్లగ్గును కంప్యూటర్‌కు గుచ్చితే చాలు, సెకనుకు పదిసార్లు చూసి, చూసిందల్లా గీతగా గీస్తుంది.

మాస్టారు చప్పుడు సెన్సార్ గుచ్చి, మాట్లాడొద్దని సైగ చేశాడు. గోడమీద తెర వెలిగింది. అందరూ నోళ్ళు మూసుకున్నారు. అయినా గీత నిద్రపోలేదు, సన్నగా వణుకుతూనే ఉంది. అది ఏమిటని ఎవరో గుసగుసగా అడిగితే, "మీ అందరి ఊపిరీ, పైన ఫ్యానూ," అన్నాడు మాస్టారు. నలభైమంది పిల్లలు తమ నిశ్శబ్దాన్ని తామే కళ్ళతో చూస్తూ కూర్చున్నారు. గరిటె టీచర్‌కు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ ఈ గదిలో నిశ్శబ్దం అంటూ ఒకటి ఉందనుకుంది. అది ఎప్పుడూ లేదన్నమాట.

"ఇప్పుడు వేడిది చూపిద్దాం. కరిగించడానికి ఏముంది టీచర్?" అన్నాడు మాస్టారు.

ఆవిడ అల్మరా తెరిచి హైపో సీసానే తీసింది. కావాలనే తీసిందో, చేతికి అదే తగిలిందో ఆవిడకే తెలియదు. క్లాసులో చిన్న కదలిక పుట్టి, తలలన్నీ కూతురు కూర్చున్న మూడో బల్ల వైపు తిరిగాయి. పిల్ల తలవంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

హైపోను కరిగించి, ట్యూబును చల్లనీళ్ళ గ్లాసులో నిలబెట్టి, అందులో స్టీలు కడ్డీ దించారు. ఆవిడ గాజు కడ్డీ తీసుకుని కలపడం మొదలుపెట్టింది. తెరమీద గీత జారుబల్లలా దిగింది. అరవై, యాభై ఐదు, యాభై. నలభై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ట్యూబులో తెల్లదనం పొడసూపింది, గీత బల్లపరుపుగా పడుకుంది. పాఠంలో ఉన్న మెట్టే, గీటురాయి మీద గీసినట్టు.

"చూశారా, యంత్రం అబద్ధం చెప్పదు," అన్నాడు మాస్టారు, పాపం ఆయనకేమీ తెలియదు.

వెనక బల్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. గెలిచిన తల్లికి సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఇప్పుడు యంత్రం కూడా తన పక్షానే చేరి కూతుర్ని రెండోసారి అబద్ధాలకోరును చేసింది. ఇక చరిత్రే.

అప్పుడు పిల్ల లేచి నిలబడింది. "నేను కలపలేదు టీచర్."

"ఏమిటి?"

"ఆ రోజు. నేను కలపలేదు."

గదిలో ఈ మాటకున్న బరువు బయటివాళ్ళకు అర్థం కాదు. గరిటె టీచర్ ల్యాబ్‌లో కలపకపోవడమంటే గుళ్ళో చెప్పులతో నడవడం. అందుకే పిల్ల వారంపాటు అబద్ధాలకోరన్న మాట భరించింది గాని, కలపలేదన్న మాట మాత్రం బయటపెట్టలేదు.

"ఎందుకు కలపలేదు?" అంది తల్లి. గొంతు పెంచలేదు.

"గడ్డకట్టేటప్పుడు మొదటి పలుకు ఎక్కడ పుడుతుందో చూద్దామని. కలిపితే కనబడదు కదా. అందుకే ఒక్క పలుకు కూడా మిగలకుండా మొత్తం కరిగాక తీసి, కదపకుండా పెట్టుకుని చూశాను. ఎంతసేపటికీ పుట్టలేదు. థర్మామీటర్‌లో గీత సరిగ్గా కనబడట్లేదని కొంచెం పైకి లాగాను. అప్పుడు..."

"అప్పుడు?"

"నేను చెప్పను టీచర్. చెబితే అబద్ధమంటారు."

ఆవిడ గాజు కడ్డీని బల్లమీద పెట్టేసింది. మాస్టారు గడియారం చూసుకుని, ఇంకా వెలుతురు సెన్సార్ చూపించాలి, ఊపిరి సెన్సార్ చూపించాలి, బెల్లు కొట్టేస్తారు అని గొణిగాడు. "కొట్టనివ్వండి మాస్టారూ," అంది ఆవిడ. కొత్త ట్యూబు కడిగి తుడిచి, హైపో పోసి, అడుగున గాని గోడలకు గాని పలుకన్నది లేకుండా కరిగేదాకా వేడినీళ్ళలో ఉంచింది. స్టీలు కడ్డీని కడిగి దించింది. ట్యూబును చల్లనీళ్ళలో నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది. ఆ చేతులకు ఏమీ చేయకుండా ఉండటం అలవాటు లేదు, ఒకదాన్నొకటి పట్టుకుని ఊరుకోబెట్టుకోవలసి వచ్చింది. ఎవరో లేచి ఫ్యాన్ కట్టేశారు.

గీత దిగింది. యాభై. నలభై తొమ్మిది. నలభై ఎనిమిది. అందరి కళ్ళూ అక్కడ ఆగాయి, గీత ఆగలేదు. దారిలో ఎదురైన మనిషిని పలకరించకుండా పోయినట్టు నలభై ఎనిమిదిని దాటుకుని కిందికి పోయింది. నలభై ఐదు. ట్యూబులో చూస్తే మంచినీళ్ళే, తెల్లదనం జాడ లేదు. నలభై ఒకటి. ముప్పై ఎనిమిది.

"వైరు వదులైనట్టుంది, ఒకసారి పీకి గుచ్చితే..." అని మాస్టారు చెయ్యి చాచాడు.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. ముట్టుకోకండి."

ముప్పై ఐదు. ముప్పై మూడు. ఎప్పుడో గడ్డకట్టి తీరవలసినది, ఎవరూ చెప్పలేదు గనుక ఇంకా నీళ్ళలాగే నిలబడి ఉంది. బెల్లు కొట్టారు. పక్క గదుల్లో బల్లలు జరిగాయి, వరండాలో పిల్లలు పరుగులు తీశారు. ఈ గదిలో ఒక్కరూ లేవలేదు. ఆవిడకు ఏనాటిదో ఒక మాట మెల్లగా తట్టింది. కాలేజీలో ఉండగా ఇలాంటిదొకటి చదివింది, పరీక్షలో నాలుగు మార్కులకు రాసింది కూడా. రాసి మరిచిపోయింది. అది నిజంగా లోకంలో, తన బల్లమీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో జరుగుతుందని ఎన్నడూ అనుకోలేదు.

"రా," అంది కూతురితో. "ఆ రోజు ఎలా లాగావో అలాగే లాగు."

పిల్ల వచ్చింది. స్టీలు కడ్డీని రెండు వేళ్ళతో పట్టుకుని గోరంత పైకి లేపి వదిలింది.

కడ్డీ కొసన తెల్లటి చుక్క ఒకటి పుట్టింది. పుట్టీ పుట్టగానే దాన్నుంచి సూదులు బయలుదేరాయి. కిటికీ అద్దంలో పగులు పాకినట్టు, చప్పుడు లేకుండా, కిందికీ పైకీ పక్కలకీ పాకాయి. చూస్తుండగా నీళ్ళన్నీ తెల్లటి రాయి అయిపోయాయి. అదే క్షణాన తెరమీద గీత తలెత్తింది. ముప్పై నాలుగు, ముప్పై తొమ్మిది, నలభై నాలుగు. నిట్టనిలువుగా గోడెక్కినట్టు ఎక్కి, నలభై ఏడు దాటాక మెత్తబడి నిలిచింది. మంట లేదు, వేడినీళ్ళు లేవు, చల్లనీళ్ళలో నిలబడి ఉన్నది తనంతట తానే వేడెక్కింది.

వెనక బల్లలో నవ్విన పిల్లవాడు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. గరిటె టీచర్ స్టూలు మీద కూలబడింది. కరగడానికి తాగిన వేడినంతా ఆ నీళ్ళు లోపలే దాచుకుని ఉన్నాయి, గడ్డకట్టిన క్షణంలో ఒక్కసారిగా తిరిగి ఇచ్చేశాయి. ఇది ఈ ఒక్క రోజు జరిగిన వింత కాదు. ఇన్నేళ్ళూ ఈ బల్లలమీద ప్రతి ట్యూబులో జరగడానికి సిద్ధంగానే ఉండి ఉంటుంది. కలుపు, కలుపు అంటూ దాన్ని పుట్టకముందే చెదరగొట్టింది తనే. ఎంత పెద్ద అద్భుతం పక్కన కూర్చుని ఎంత చిన్న మెట్టును గీయించింది!

ఆవిడ లేచి నిలబడింది. "అందరూ వినండి. ఈ అమ్మాయి ఆ రోజు రాసిన ప్రతి అంకె నిజం. తప్పు చెప్పింది నేను," అంది.

పిల్లలు కూతురి చుట్టూ మూగారు, ఇంకోసారి ఇంకోసారి అని అడిగారు. మాస్టారు వాళ్ళను తోలుకుని, పెట్టె సర్దుకుని, ఆ వేడి కడ్డీ ఒక్కటీ తర్వాత తీసుకుంటానని వెళ్ళిపోయాడు. గదిలో ఇద్దరే మిగిలారు. తల్లి నవ్వడానికి చూసింది. కూతురు నవ్వలేదు.

"యంత్రం చెప్పాక నమ్మావు," అంది పిల్ల. కోపం లేదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది. "వారం రోజుల నుంచి నేను ఇంట్లోనే ఉన్నాను. ఒక్కసారి కూడా అడగలేదు."

చెప్పుదెబ్బ తిన్నా తల్లికి అంత తగిలేది కాదు. క్లాసు ముందు తప్పు ఒప్పుకుంటే సరిపోతుందనుకుంది. సరిపోలేదు, ఎలా సరిపోతుంది? తన మాటను యంత్రం మాటతో సరిచేసుకుంది గాని, పిల్ల మాటను నమ్మింది ఎక్కడ? పిల్ల సంచి భుజాన వేసుకుంది. సంచి జేబులోంచి ఆఫీసులో ఇవ్వవలసిన కాగితం తొంగి చూస్తోంది, ఇంకా ఏమీ రాయలేదు.

ఆవిడ లేచి వెళ్ళి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. గూట్లోంచి మామూలు గాజు థర్మామీటర్ తీసి బల్లమీద పెట్టింది, పక్కనే కడిగిన ట్యూబు పెట్టింది.

"ఇంకొక్కసారి చేద్దాం. నువ్వు చూసి చెప్పు, నేను రాస్తాను."

"తెలిసిపోయిందిగా, మళ్ళీ ఎందుకు?"

"నువ్వు చూసి చెప్పు," అంది తల్లి మళ్ళీ. కాగితం, పెన్ను తీసుకుని, స్టూలును గోడవైపు తిప్పుకుని, బల్లకు వీపు పెట్టి కూర్చుంది.

చాలాసేపు చప్పుడు లేదు. వెళ్ళిపోయిందేమో అనుకుంది. తిరిగి చూడలేదు. తర్వాత సంచి కింద పెట్టిన చప్పుడైంది, హైపో సీసా మూత తీసిన చప్పుడైంది, నీళ్ళు కాగిన చప్పుడైంది.

"అరవై," అంది పిల్ల. తల్లి రాసింది.

"యాభై రెండు." రాసింది.

"నలభై ఎనిమిది. ఆగలేదు, పోతోంది." రాసింది. ఎదురుగా సున్నం గోడ తప్ప ఏమీ లేదు. అయినా అంతా కనబడుతూనే ఉంది. ఇందాక కళ్ళతో చూసినప్పటికన్నా ఎక్కువే కనబడుతోంది.

"ముప్పై తొమ్మిది. ముప్పై ఐదు. ముప్పై మూడు."

ఆ తర్వాత పిల్ల ఏమీ అనలేదు. తల్లి మెడ తనంతట తానే తిరగబోయింది, ఆపుకుంది. పెన్ను కాగితం మీద ఆగి ఎదురుచూసింది.

"తొంభై," అంది పిల్ల.

తల్లి రాసింది.

"రాశావా?"

"రాశాను."

"తొంభై అనే?"

"తొంభై అనేగా చెప్పావు."

వెనక నుంచి నవ్వు వినబడింది. వారం నుంచి ఇంట్లో లేని నవ్వు, ముక్కుతో మొదలై ఆపుకోలేక నోటితో బయటపడ్డ నవ్వు. "తొంభై ఎలా వస్తుందమ్మా? ఎక్కడైనా వస్తుందా?"

"నాకేం తెలుసు? చూస్తున్నది నువ్వు."

పిల్ల నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వచ్చి, తల్లి చేతిలోంచి పెన్ను తీసుకుని, ఖాళీ అయిన అరచేతిలో ట్యూబు పెట్టింది. ట్యూబునిండా తెల్లటి రాయి, ఇప్పుడే నిద్రలేచిన పసిదాని ఒంటిలా వెచ్చగా ఉంది. తల్లి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగి ఎదుటి గోడ అలుక్కుపోయింది.

"నలభై ఏడు," అంది పిల్ల, తొంభై పక్కన రాస్తూ. తర్వాత సంచిలోని ఆఫీసు కాగితం తీసి మోకాలిమీద పెట్టుకుంది. "ఎవరేం చెబితే అది రాసుకుంటూ కూర్చుంటే నీ ల్యాబ్ ఏమైపోవాలి? వచ్చే ఏడు నేను లేకపోతే నీకు కష్టమే," అని గొణుగుతూ, ఖాళీ గడిలో సైన్స్ అని రాసింది.